మన కాయ

బడి ఇచ్చిన తెర పలకలో ఉన్న నా కుండీ దినచర్య ఇప్పుడు నాది కాదు. విత్తన మండలి దస్త్రంలో అది నలభై ఒకటో అనుబంధం. దాన్ని చదవాలంటే నేనే అర్జీ పెట్టుకోవాలట. పెట్టుకోను. గుర్తున్నంత వరకు కాగితం మీద మళ్లీ రాసుకుంటాను. పాత క్యాలెండర్ వెనకవైపు ఖాళీగా ఉంది, పెన్సిల్ ఉంది. అప్పుడు జరిగింది అప్పటి వరసలోనే రాస్తాను. ఇప్పటి కోపం మధ్యలో వస్తే రానిస్తాను. దాన్ని ఆపి ఎవరిని మెప్పించాలి?

ఒకటో రోజు

మాబున్నీ టీచర్ పదో తరగతి వాళ్లందరికీ కుండీ దినచర్య రాసే పని పెట్టింది. ఇంటికి రెండు కుండీలు అనుమతి. విత్తన మండలి డిపో ఇచ్చే టమాట నారు నాటి, అదెలా పెరుగుతోందో వారానికోసారి పలకలో రాయాలి. మూడు వాక్యాలకు తక్కువైతే సున్నా.

ఇంటికొచ్చి అత్తకు చెప్పాను. మా అత్త సిద్దమ్మ నాన్నకు అక్క. అమ్మా నాన్నా ఎండపొలాల్లో అద్దాలు తుడిచే పనికి వెళ్లినప్పటి నుంచి, అంటే నా ఐదో ఏటి నుంచి, నేను ఏడో అంతస్తులో అత్తతోనే ఉంటున్నాను. అత్తది పందిరి కుట్టే పని. కాలనీ మొత్తం మీద ఎండ పడకుండా పరిచిన ఆ గుడ్డ ఎక్కడ చిరిగితే అక్కడికి తాడు కట్టుకుని ఎక్కి కుట్టి వస్తుంది. ఆమె వేళ్ల కొసలు సూది గుచ్చుకున్నా తెలియనంతగా మొద్దుబారాయి.

అత్త ఒక కుండీలో డిపో నారు నాటింది. తర్వాత గోడ మీది క్యాలెండర్ పైకెత్తి, దాని వెనక మేకుకు వేలాడుతున్న పాత చీర ముక్క తీసింది. దాని నిండా గింజలు అతుక్కుని ఉన్నాయి. గోరుతో గీరి ఎనిమిది గింజలు అరచేతిలో వేసుకుంది.

ఇవి ఏ డిపోవని అడిగాను.

"డిపో పుట్టకముందువి పాపా. మా అవ్వ నాటింది, మా అమ్మ నాటింది. ఇవి మన కాయ."

రకం పేరేమిటంటే మళ్లీ అదే చెప్పింది. మన కాయ. వేరే పేరు లేదు. మన ఇంట్లో ఉన్నదానికి పేరెందుకని అడిగింది.

ఏడో రోజు

పలకలో "మొలిచింది. నీళ్లు పోశాం. బాగుంది." అని రాసి పంపాను. మాబున్నీ టీచర్ పదికి నాలుగు వేసింది. కింద రాసింది: "ఎలా మొలిచింది? రంగేమిటి? వంపేమిటి? నువ్వు చూశావా, లేక ఊరికే నీళ్లు పోశావా?"

ఒళ్లు మండిపోయింది. కుండీ ముందు చతికిలబడి కూర్చుని చూశాను. చూస్తే రాయడానికి చాలా ఉంది. మొలక నిటారుగా రాలేదు. తల వంచుకుని, వీపుతో మట్టిని నెట్టుకుంటూ వచ్చింది. ఒక మొలక నెత్తిన గింజ పొట్టు ఇంకా టోపీలా ఉంది. కాడ మీద నూగు ఉంది, ముట్టుకుంటే వేలికి వాసన అంటింది. ఆ వాసనకు మాట దొరక్క సాయంత్రం దాకా వెతుక్కున్నాను.

పదికి పది వచ్చింది.

ఆ రోజు నుంచి నాకు పిచ్చి పట్టింది. అత్త సూది దారంలో మునిగి ఉంటే పక్కన చేరి ప్రతిదానికీ పేరు అడిగేదాన్ని. కాయను కాడకు పట్టి ఉంచేది తొడిమ. కొమ్మకూ కాండానికీ మధ్య సందులో దొంగలా పుట్టేది పిలక, దాన్ని గిల్లెయ్యాలి. పూత రాలి, ఇంకా కాయ కానిది పిందె. అత్త ఒక్కో మాట చెబుతుంటే నేను చేతి మీద రాసుకునేదాన్ని. అన్నీ తెచ్చి పలకలో పోసేదాన్ని.

రాసింది అత్తకు చదివి వినిపించేదాన్ని. ఆమె కుట్టడం ఆపేది కాదు కానీ నవ్వేది. "నా మొక్కని నాకే చూపిస్తాండావే" అనేది.

నలభై తొమ్మిదో రోజు

మొలకల్లో అత్త ఉంచిన ఒక్క మొక్కకు తొలి పూత. పసుపు రంగు పూలు, తల కిందికి వేలాడుతూ.

ఉదయం ఏడింటికి తుమ్మెదలు వచ్చాయి. నిజమైనవి కావు. నిజమైన తుమ్మెదను నేను చూడలేదు. ఇవి గోలీకాయంత ఇనప తుమ్మెదలు. పందిరి చూరు నుంచి వరసగా దిగి, ప్రతి వసారాలో ప్రతి పువ్వునూ ముట్టి, డిపో రకం పుప్పొడి పూసి పోతాయి. అవి ముట్టిన పువ్వుకు వచ్చే కాయ బాగానే ఉంటుంది. దాని గింజ మాత్రం మళ్లీ మొలవదు. ఇదంతా మన మేలుకే, పంట పెరగడానికే అని బడిలో నేర్పారు. నేనూ పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నాను.

అవి రాకముందే అత్త లేచింది. పందిరి గుడ్డ మిగులు ముక్కలతో చిన్న చిన్న సంచులు కుట్టి పెట్టుకుంది. ఒక్కో పూల గుత్తికి ఒక్కో సంచి తొడిగి, నోరు మెత్తటి దారంతో కట్టింది. తుమ్మెద వచ్చి సంచి చుట్టూ మూడుసార్లు తిరిగి, లోపలికి దారి దొరక్క డిపో మొక్క మీదికి పోయింది.

అది వెళ్లాక అత్త సంచి పక్కన కాడను గోరుతో మీటింది. తీగ మీటినట్టు, రెండుసార్లు. లోపల పుప్పొడి దాని మీద అదే రాలుతుందట. "దాని పెండ్లి అదే చేసుకుంటాది, వీళ్ల పెత్తనం ఎందుకు?" అంది.

ఇదంతా పలకలో రాశాను. సంచి కుట్టు ఎలా ఉందో, దారం ముడి ఎన్ని చుట్లో కూడా రాశాను. పదికి పది.

ఆ రాత నా చేత్తో నేనే ఎందుకు చించేసుకోలేదా అని ఇప్పుడు అనుకుంటాను. పలకను చించడం కుదరదు. అదీ ఒక కోపం.

అరవై మూడో రోజు

పిందెలు. గోలీకాయంత, పైన సన్నటి నూగు. అప్పుడే గాడులు పడుతున్నాయి. మన కాయ గుండ్రంగా ఉండదు, గుమ్మడికాయలా తొనలు తొనలుగా ఉంటుంది.

డిపో మొక్క కూడా కాసింది. దాని కాయలు అచ్చులో పోసినట్టు ఒకే కొలత. పండాక తొక్క మీద దానంతట అదే అంకె తేలుతుంది. అత్త ఒకటి కోసి చారులో వేసింది. "ఈ కాయ చారులో పడినట్టు చారుకీ తెలీదు, కాయకీ తెలీదు" అంది.

మూడో అంతస్తు ఓబులేసు మామ ఆ పూట మా ఇంట్లో తిన్నాడు. అత్తతో పాటు పందిరి పని చేసి, కాలు విరిగాక ఇంటి దగ్గరే ఉంటున్నాడు. అతనే చెప్పాడు: గింజల గుడ్డను ఏటా రెండుగా చించుతారట. ఒక ముక్క మా ఇంట్లో, రెండో ముక్క అతని ఇంట్లో. అతని అమ్మ కాలం నుంచీ అంతే. ఒక ఇంట్లో కుండీ ఎండిపోయినా రెండో ఇంట్లో నిలుస్తుంది. ఇటువైపు ముక్క పోతే అటువైపు నుంచి సగం తిరిగి వస్తుంది. అడగడం, ఇవ్వడం, దండాలు పెట్టడం ఏమీ ఉండవు.

"ఒక్క ఇంట్లో ఉండే విత్తనం అప్పుడే సగం పోయినట్టు లెక్క" అంది అత్త.

నాకు ఆ మాట ఎంత నచ్చిందంటే, పలకలో దాన్ని వేరే పేరాగా రాశాను. దానికి ముందూ వెనకా అన్నీ రాశాను. క్యాలెండర్ వెనక మేకు. మూడో అంతస్తులో మామ మంచం కింద ఇత్తడి డబ్బా. డబ్బా మూత మీద చిలక బొమ్మ. చిలక ముక్కు దగ్గర రంగు పోయిన సంగతి కూడా.

తొంభై ఒకటో రోజు

పండాయి.

మొదటి రెండు గుత్తుల్లో మంచి కాయలు మూడు చూసి, అత్త వాటి తొడిమలకు ఎర్ర దారం కట్టింది. ఎర్ర దారం కట్టినవి విత్తన కాయలు, వాటిని ఎవరూ తినకూడదు. ఇంట్లో ఎవరికి ఎంత ఆకలేసినా వాటి జోలికి పోకూడదని అత్త చిన్నప్పుడు వాళ్ల అమ్మ చేతి మీద కొట్టి మరీ నేర్పిందట. నాలుగోది కోసి, ఇద్దరం చెరి సగం తిన్నాం.

దాని గురించి పలకలో ఒక పేజీ రాశాను. పైభాగం ఆకుపచ్చగానే ఉండిపోవడం, కొరికితే ముందు పులుపు చెవుల దాకా పాకడం, ఆ వెనకే మెల్లగా తీపి రావడం, గుజ్జు కంటే రసం ఎక్కువై మోచేతి దాకా కారడం. పదిహేనేళ్లుగా నేను టమాట అనుకుని తిన్నది టమాట కాదని చివర్లో రాశాను. రాస్తుంటే నా కళ్లలో నీళ్లు తిరిగాయి.

మాబున్నీ టీచర్ దాన్ని క్లాసులో చదివింది. ఎప్పుడూ వెక్కిరించే వెనక బెంచీ వాళ్లు కూడా ముందుకు వంగి విన్నారు. నా రాతను జిల్లా పోటీకి పంపుతున్నానని చెప్పింది. ఆ రోజు లిఫ్టు లేదు. ఏడంతస్తులూ పరుగెత్తి ఎక్కాను. నా బతుకులో అంత సంతోషంగా మెట్లెక్కింది అదొక్కసారే. అందుకే ఆ మెట్లంటే ఇప్పుడు అసహ్యం.

తొంభై ఎనిమిదో రోజు

ఈ రోజు పలకలో లేదు. ఇది కాగితం మీదే మొదటిసారి రాస్తున్నాను.

ఉదయం తొమ్మిదిన్నరకు విత్తన మండలి పరిశీలకుడు వచ్చాడు. పేరు హరనాథ్. వెంట ఇద్దరు, చేతుల్లో అట్టపెట్టెలు. చాలా మర్యాదస్తుడు. చెప్పులు బయట విడిచాడు. అత్తను అమ్మా అని, నన్ను మీరు అని పిలిచాడు. నా వయసు పిల్లను మీరు అనే మనిషిని చూసి ముందు నాకు గర్వంగానే అనిపించింది. అంత మూర్ఖురాలిని.

అతని చేతిలో పలక ఉంది. అందులో నా దినచర్య.

దాన్ని చదువుకుంటూ ఇంట్లో తిరిగాడు. వసారాలోకి పోయి "మొదటి గుత్తి, ఉత్తరం వైపు" అని చదివి, ఆ గుత్తిని ముట్టాడు. "ఎర్ర దారం, మూడు చుట్లు" అని చదివి, మూడు కాయలనూ లెక్కపెట్టాడు. తర్వాత లోపలికి వచ్చి గోడ ముందు నిలబడి, నేను రాసిన వాక్యం నాకే వినిపించాడు.

"క్యాలెండర్ వెనక మేకుకు మా ముత్తవ్వ చీర ముక్క, చుక్కల చీరలా కనిపించే గింజలతో." చదివి తలెత్తి నా వైపు చూసి, చాలా బాగా రాశారండీ అన్నాడు. అంటూనే క్యాలెండర్ పైకెత్తాడు.

వాళ్లు ఏదీ వెతకలేదు. ఒక్క డబ్బా కదపలేదు, ఒక్క గుడ్డ దులపలేదు. ఆ అవసరమే లేకుండా చేశాను నేను.

 చీర ముక్క అట్టపెట్టెలోకి పోయాక అత్త నా వైపు తిరిగింది.

"నువ్వు రాసినావా?"

రాశానని చెప్పాను.

"మామ ఇంటి సంగతి కూడానా?"

 నా బదులు హరనాథ్ చెప్పాడు, మూడో అంతస్తులో ఇత్తడి డబ్బా, చిలక బొమ్మది, అవునా అని.

మొక్కను వేర్లతో సహా పీకి సంచిలో కట్టారు. కిందికి పోయి మామ డబ్బా తీసుకున్నారు. మామ అరిచిన అరుపు ఏడో అంతస్తు దాకా వినిపించింది. తర్వాత హరనాథ్ పైకి వచ్చి, జరిమానా ఏమీ లేదని, భయపడవద్దని చెప్పాడు. ఇన్నాళ్లూ ఈ రకానికి పేరూ వర్ణనా లేవు కాబట్టి ఇది ఎవరిదీ కాదు. ఇప్పుడు నా వర్ణనతో నమోదైంది కాబట్టి మండలిది. ఇకపై పెంచాలంటే అనుమతి కావాలి. ఇళ్లకు అనుమతి ఇవ్వరు. రకానికి నా పేరే పెట్టారు: చిత్ర-ఒకటి.

నా పూర్తి పేరు చిత్రావతి. ఎండిపోయిన ఏటి పేరు. నాన్న పెట్టాడు.

"మా ఇంట్లో మా అవ్వ కాలం నుంచి ఉండేది ఎవురిదీ కాదంటావా సామీ?" అని అత్త అడిగింది. గొంతు పెంచలేదు. అతను కాగితాల ప్రకారం చెబుతున్నానమ్మా అన్నాడు. చెప్పులు తొడుక్కుని, నాకు అభినందనలు చెప్పి వెళ్లిపోయాడు.

నూట మూడో రోజు

మొక్క లేదు కానీ రోజులు లెక్కపెట్టడం మానలేకపోతున్నాను.

అత్త నాతో మాట్లాడటం లేదు. తిట్టడమూ లేదు. అన్నం పెడుతుంది. నా వాటా చెంబుల నీళ్లు నాకు పక్కన పెడుతుంది. ఖాళీ కుండీలో ఇప్పటికీ బియ్యం కడుగు పోస్తోంది, అలవాటు కొద్దీ. పోశాక గుర్తొచ్చి ఆగిపోతుంది. దానికంటే నా చెంప మీద కొట్టినా బాగుండేది.

ఓబులేసు మామ మెట్ల దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుంటున్నాడు. నేను దిగేటప్పుడల్లా ఒకటే అడుగుతాడు.

"ఏం మ్మే రచయిత్రీ, ఈ పొద్దు మా ఇంట్లో ఏం కూరో రాసుకున్నావా?"

బడిలో మాబున్నీ టీచర్ను పట్టుకుని అడిగాను, ఎందుకు పంపావని. అలా ఏకవచనంలోనే. ఆమె బల్ల మీద సుద్దముక్క దొర్లించింది. పోటీకే పంపానని, అక్కడి నుంచి ఎవరు ఎవరికి పంపారో తెలియదని, చదివినప్పుడు ఆ కాయ పులుపు తన నోట్లో ఊరిందని, ఇంకెవరైనా చదివితే బాగుండుననిపించిందని చెప్పింది.

"చూసింది చూసినట్టు రాయమన్నాను. ఎవరికి చూపించాలో చెప్పలేదు. ఆ పాఠం నాకే రాదు చిత్రా."

ఆమె కళ్లు ఎర్రబడ్డాయి. నాకు జాలి కలగలేదు. కలగాలని కూడా అనుకోలేదు.

ఎల్లుండి బడి హాల్లో సభ. మండలి పెద్ద వస్తాడు. నాకు సన్మానం, నేను మాట్లాడాలి. సరే, మాట్లాడతాను. రెండు రోజులుగా రాస్తున్నాను. కాగితానికి రెండు వైపులా. ఒక్క మాట కూడా మెత్తటిది లేదు. నేర్చుకున్న మాటలన్నీ దులిపి ఏరి పెట్టాను. దొంగ అనే మాట నాలుగు చోట్ల వస్తుంది. చదివినప్పుడు హరనాథ్ ముఖం ఎలా మారుతుందో తలుచుకుని మరీ రాశాను.

నూట ఐదో రోజు

పదకొండింటికి సభ మొదలైంది. అత్త రాలేదు. వేదిక మీద తెల్ల గుడ్డ పరిచిన బల్ల, దాని మీద గాజు పళ్లెం, పళ్లెంలో ఒకే ఒక్క కాయ. తొడిమకు ఎర్ర దారం ఇంకా ఉంది. దారం తీస్తే అందం పోతుందని ఉంచారట. మిగతా రెండూ ప్రయోగశాలకు పోయాయి, గింజలు కూడా. గుడ్డ ముక్కలు రెండూ కూడా. ఇవన్నీ హరనాథ్ మైకులో గర్వంగా చెప్పాడు.

నా ఉపన్యాసం మడిచి పిడికిట్లో పట్టుకున్నాను. చెమటకు తడిసిపోతోంది.

ముందు కాయ కోశారు. హరనాథ్ మెరిసే కత్తితో నాలుగు ముక్కలు చేశాడు. విత్తన కాయ అది. మా ఇంట్లో ఎవరూ ఎన్నడూ తినని కాయ. కత్తి దిగుతుంటే నా చేతి మీద ఎవరో కొట్టినట్టు అనిపించింది. ఒక ముక్క మండలి పెద్ద నోట్లో పెట్టుకుని, కళ్లు మూసుకుని, దవడ బిగించి, "బాగా… ఆరోగ్యకరంగా ఉంది" అన్నాడు. పులుపు ఆయన చెవుల దాకా పాకింది, నేను చూశాను. మిగతా రెండు ముక్కలు డబ్బాలో పెట్టి మూత వేశారు. నాలుగోది ఫొటో కోసం హరనాథ్ స్వయంగా నా నోటికి అందించాడు.

ఉమ్మేద్దామనుకున్నాను. అతని చొక్కా మీదే.

ముక్క నాలుక మీద పడింది. రసం గొంతులోకి జారింది. గుజ్జు కరిగింది. గింజలు మిగిలాయి. జారుతూ, బంక బంకగా, ఒకటి పంటి సందులో, రెండు నాలుక కింద, కొన్ని బుగ్గలో.

అప్పుడే నన్ను మైకు దగ్గరికి పిలిచారు.

నడిచాను. కాగితం తెరిచాను. మొదటి వాక్యం కళ్ల ముందే ఉంది. ఆ వాక్యం కోసం ఒక సాయంత్రం మొత్తం పట్టింది. నోరు తెరిస్తే చాలు. తెరిస్తే గింజలు గొంతులోకో, నేల మీదికో పోతాయి. నాలుకతో ఒక్కొక్కటే బుగ్గలోకి నెట్టాను. నెట్టిన కొద్దీ లాలాజలం ఊరుతోంది. మింగకూడదు.

హాలంతా చూస్తోంది. వెనక బెంచీ వాళ్లు కిసుక్కుమన్నారు. రచయిత్రికి మాట పడిపోయిందిరా అని ఎవడో అన్నాడు. హరనాథ్ చిరునవ్వుతో, మాట్లాడండి, భయం లేదు అన్నాడు. మీరు అనే ఆ మర్యాదతోనే. అతణ్ని అనాల్సిన మాటలన్నీ నా చేతిలో ఉన్నాయి, ఇంత దగ్గర. నా కళ్ల వెంట నీళ్లు కారాయి. కోపంతోనే. సంతోషం అనుకుని వాళ్లు చప్పట్లు కొట్టారు.

మాబున్నీ టీచర్ ముందు వరసలో కూర్చుని ఉంది. నా ముఖం చూసింది. బుగ్గ చూసింది. నేను మింగడం లేదని చూసింది. చూడటమే కదా ఆమె పాఠం. లేచి గబగబా వేదిక ఎక్కి నా చేతిలోంచి మైకు తీసుకుంది.

"పిల్లకు మాట రావడం లేదండీ. ఇంటికి పంపిద్దాం. దీని తరఫున మీ అందరికీ నేనే కృతజ్ఞతలు చెబుతాను."

నా వీపు మీద చెయ్యి వేసి గుమ్మం వైపు నెట్టింది. గట్టిగా.

మూడో అంతస్తులో మామ కుర్చీలో ఉన్నాడు. సన్మానం అయిందా, దండ యాడ, శాలువా యాడ అన్నాడు. పలకలేదు. మా ఇంట్లోంచి గుంజుకున్నదానికి నీ పేరు పెట్టుకున్నావు, ఇప్పుడు పలకరింపు కూడా భారమైందా అన్నాడు. ఆ మాటకు నోరు తెరవకుండా ఉండటం వేదిక మీద ఉండటం కంటే కష్టమైంది. రెండేసి మెట్లు ఎక్కాను. ముక్కుతో ఊపిరి అందలేదు.

అత్త కిటికీ దగ్గర కుడుతోంది. తలెత్తలేదు. వెళ్లి ఆమె ముందు మోకాళ్ల మీద కూర్చున్నాను. సూది పట్టుకున్న చేతిని తీసుకుని, తిప్పి, ఆ మొద్దుబారిన అరచేతిలో ఉమ్మాను.

ఆమె చెయ్యి వెనక్కి లాక్కోలేదు. కిటికీ వెలుతురుకు పట్టి చూసింది. బొటనవేలితో ఒక్కొక్కటే పక్కకు జరిపింది. ఇంకా ఉందేమో నోరు తెరువు అంది. పంటి సందులోది సూది మొనతో తీసింది.

"పదిహేడు" అంది.

ఏడు రోజుల తర్వాత నాతో అన్న మొదటి మాటలు అవి. తర్వాత గింజలున్న చేతిని ఒళ్లో పెట్టుకుని, రెండో చేత్తో నా తల మీద ఒక్కటి మొట్టింది. నొప్పి పుట్టేలాగే.

"అందరి కండ్లూ నీ మీదనే పెట్టుకుంటివే పాపా. నేను కూడా విని మురిసిపోతిని. బడి రాతలు బడి దాటి పోతాయని నాకేం తెలుసు. తప్పు ఇద్దరిదీ. పో, నోరు కడుక్కో."

నోరు కడుక్కోలేదు. ఆ పులుపు రాత్రి దాకా ఉంచుకున్నాను. ఉపన్యాసం కాగితం అత్త అడిగితే చదివాను. మొత్తం, రెండు వైపులా, దొంగ అన్న చోటల్లా గొంతు పెంచి. అత్త కుట్టడం ఆపి వింది. బాగుంది, వాళ్లకు దక్కే మాటలు కావులే అంది. దాన్ని పొయ్యిలో పెట్టింది. నేను ఆపలేదు.

మళ్లీ ఒకటో రోజు

గింజలు మూడు రోజులు చెంబులో నీళ్లలో పులిశాయి. వాసనకు పక్కింటి వాళ్లు మురుగు గొట్టం పగిలిందని కాలనీ ఆఫీసుకు ఫిర్యాదు చేశారు. అత్త అయ్యో మా ఇంట్లో కూడా కంపేనమ్మా అని వాళ్లతో కలిసి తిట్టింది. తర్వాత కడిగి, చీర ముక్క మీద పరిచి ఆరబెట్టింది. ఏ చీర అనేది రాయను. ఆరాక ముక్కను రెండుగా చించింది. రెండో ముక్క ఎవరింటికి పోయిందో రాయను. తీసుకున్న మనిషి "ఈసారి ఎన్ని మార్కులొస్తాయి మ్మే?" అని అడిగిన సంగతి మాత్రం రాస్తాను. అడుగుతూనే చెయ్యి చాచిన సంగతి కూడా.

నాకు కోపం తగ్గలేదు. చిత్ర-ఒకటి అని డిపో గోడ మీద బొమ్మ వేశారు. గుండ్రంగా వేశారు. తొనలు లేవు. పక్కన నా వాక్యం, నా పేరు. పెద్దక్షరాల్లో. దాని ముందు నుంచి నడిచే ప్రతిసారీ పళ్లు నూరుకుంటాను. తగ్గకూడదనే కోరుకుంటున్నాను.

అత్త నన్ను రాయడం మానమనలేదు. నేనే అడిగాను, మానెయ్యనా అని. ఎందుకు మానాలి, సంచి తొడిగి రాయి అంది.

కాబట్టి కుండీ ఎక్కడుందో, ఎన్ని వేశామో, మొలకల రంగేమిటో, వంపేమిటో ఈ కాగితం మీద కూడా రాయను. కాగితం ఎక్కడ దాస్తానో కూడా.

ఈ వారం దినచర్య పలకలో పంపేశాను. ఒకే వాక్యం: "మా కుండీలో ఏమీ మొలవలేదు."

మూడు వాక్యాలు లేవు. వర్ణన లేదు. మాబున్నీ టీచర్ పదికి పది వేసింది.